సైన్స్ డే ప్రయోగాలు: పొటాషియం అయొడైడ్ ఇంటికి తేవద్దు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి 28 సైన్స్ డే కోసం పిల్లలు ఇప్పటినుంచే హడావుడి పడుతున్నారు. పదో తరగతిలో చాలామంది ‘బంగారు వాన’ ప్రయోగమే చేస్తామంటున్నారు. కొందరైతే పొటాషియం అయొడైడ్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో ప్రాక్టీస్ చేస్తామని అడిగారు. వద్దన్నాను. ఎందుకో మీకూ తెలియాలి.

ప్రయోగం చాలా అందంగా ఉంటుంది. లెడ్ నైట్రేట్ ద్రావణం, పొటాషియం అయొడైడ్ ద్రావణం రెండూ చూడ్డానికి మంచినీళ్లే. ఒకదాంట్లో ఇంకొకటి పోయగానే చిక్కటి పసుపు రంగు అవక్షేపం వస్తుంది. నీళ్లు ఎక్కువ పోసి వేడిచేస్తే ఆ పసుపు కరిగిపోతుంది. చల్లారేకొద్దీ మెరిసే రేకులు సుడులు తిరుగుతూ కిందికి దిగుతాయి. రసాయన ద్వంద్వ వియోగం (రెండు పదార్థాలు తమ భాగాలను ఒకదానితో ఒకటి మార్చుకోవడం) గురించి పుస్తకంలో చదివింది ఇలా కళ్లారా చూసిన పిల్లలు మరిచిపోరు. అందుకే ల్యాబ్‌లో ఫిజికల్ సైన్స్ టీచర్ దగ్గరుండి చేసి చూపిస్తారు. కానీ ఆ పసుపులో ఉన్నది సీసం, అంటే లెడ్. అది ఒంట్లోకి వెళ్తే పిల్లల మెదడుకు, నరాలకు హాని చేస్తుంది. మా ల్యాబ్‌లో ఆ వ్యర్థాన్ని చుక్క కూడా సింకులో పోయనివ్వం, లేబుల్ వేసిన డబ్బాలో విడిగా దాచిపెడతాం. వంటింట్లో అయితే ఆ గిన్నె మళ్లీ ఎవరి చేతికి వస్తుందో ఆలోచించండి.

“అయొడైడ్ ఉప్పులో ఉండేదే కదా మేడమ్?” అని ఒక తండ్రి అడిగారు. మంచి ప్రశ్న. మన దేశంలో ఉప్పులో సాధారణంగా కలిపేది పొటాషియం అయొడేట్, అదీ అతి కొద్దిగా. మన ఇంటికి చేరే కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 150 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము పొటాషియం అయొడైడ్‌లో దానికి ఐదు వేల రెట్లు అయోడిన్ ఉంటుంది! ఎక్కువ మోతాదు పదేపదే ఒంట్లోకి వెళ్తే థైరాయిడ్ గ్రంథి దెబ్బతింటుంది. కొందరికి నోట్లో లోహపు రుచి, ఒంటిమీద దద్దుర్లు, చెవుల కింద లాలాజల గ్రంథుల వాపు కూడా రావచ్చు. మీ పిల్లలు థైరాయిడ్ మాత్ర వాడుతుంటే క్లాస్ టీచర్‌కు తప్పకుండా చెప్పండి, వాళ్లకు వేరే ప్రయోగం ఇస్తాం.

ఆ పొడి చూడ్డానికి అచ్చం ఉప్పే. అందుకే మూత లేని పొట్లం ఇంట్లో ఉందంటే నాకు టెన్షన్. ల్యాబ్‌లో దాన్ని గోధుమరంగు సీసాలో, వెలుతురు తగలని బీరువాలో ఉంచుతాం. గాలి, తేమ, వెలుతురు తగిలితే అందులోంచి అయోడిన్ బయటపడి పొడి పసుపుపచ్చగా మారుతుంది. అలా మారినది వాడం. బ్లీచింగ్ పౌడర్ తగిలినా అయోడిన్ వెలువడుతుంది, దాని ఆవిరికి కళ్లూ గొంతూ మండుతాయి. కాబట్టి బాత్‌రూమ్‌లో పారబోయడం కూడా ప్రమాదమే.

పొటాషియం అయొడైడ్‌తో నురగ పొంగించే వీడియోలు చూసి గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ కొనివ్వమంటే దయచేసి కొనివ్వకండి. అది చేతిమీద పడితే చర్మం తెల్లగా మారి మండుతుంది.

పొడి కంట్లో పడితే కొళాయి కింద ధారగా పావుగంట కడగండి, నలపనివ్వకండి. మింగితే బలవంతంగా వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేయండి, లేదా నేరుగా రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసా కూడా వెంట తీసుకెళితే డాక్టర్లకు ఏం మింగారో తెలుస్తుంది.

ఇంట్లో ఏదో ఒకటి చేయాలని పిల్లలు మారాం చేస్తే, చల్లారిన అన్నం గంజిలో ఒక చుక్క బెటడిన్ వేయమనండి. నీలం నలుపు రంగు ఎలా వస్తుందో వాళ్లే చూస్తారు. చూశాక గంజి పారబోసేయాలి, తాగకూడదు.

ఇప్పటికే ఎవరైనా పొటాషియం అయొడైడ్ గానీ లెడ్ నైట్రేట్ గానీ కొని ఉంటే, పిల్లల బ్యాగులో పెట్టి పంపకండి. మీరే మూత బిగించి ఆఫీసులో ఇవ్వండి. ఎవరినీ ఏమీ అనం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి