అబూ గ్రైబ్‌ను ఒక్క వాక్యంతో దాటేస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

ఇరాక్ యుద్ధం మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. సద్దాం, బుష్, చమురు, దొరకని ఆయుధాలు అన్నీ ఉన్నాయి. అమెరికా సైనికులు ఇరాకీ ఖైదీలను చిత్రహింసలు పెట్టిన అబూ గ్రైబ్ జైలు దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘బాధ్యులైన సైనికులకు శిక్షలు పడ్డాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పడ్డ మాట నిజమే, 11 మంది కింది స్థాయి సైనికులకు. వారిలో చార్లెస్ గ్రేనర్‌కు అందరికంటే ఎక్కువగా పదేళ్లు వేశారు. పైవాళ్ల సంగతేమిటి? ఒక బ్రిగేడియర్ జనరల్‌ను కర్నల్‌గా దించారు. సైనిక కోర్టు ముందు నిలబడిన ఒకే ఒక్క అధికారి, ఖైదీల హింసకు సంబంధించిన ఆరోపణల్లో నిర్దోషిగా బయటపడ్డారు.

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ప్రస్తుతం అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పక్కనే రెస్టన్. సీఏసీఐ అనే కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. అబూ గ్రైబ్‌లో ఖైదీలను ప్రశ్నించడానికి సైన్యానికి మనుషుల్ని పంపింది ఈ కంపెనీ. మీ వ్యాసంలో దాని పేరే లేదు.

వాళ్లను ఏ కాంట్రాక్టు కింద తీసుకున్నారో చెబితే మా అల్లుడు ముందు నమ్మలేదు. జాతీయ పార్కులు, ప్రభుత్వ భూములు చూసుకునే శాఖ ద్వారా, ఐటీ సేవల కాంట్రాక్టు కింద! కోర్టులో కంపెనీ ఏమందంటే, జీతాలిచ్చింది మేమే గానీ పని చెప్పింది సైన్యం, కాబట్టి బాధ్యతా సైన్యానిదే అని. ‘క్లయింటు చెప్పాడు, చేశాం అంటున్నారన్నమాట మామయ్యా’ అన్నాడు మావాడు. పోనీ సైన్యం మీదే దావా వేద్దామంటే సర్కారుకు చట్టపరమైన రక్షణ ఉంది. మరి ఎవరిని అడగాలి?

అయినా ముగ్గురు ఇరాకీలు పట్టు వదలలేదు. ఒకరు పళ్ల వ్యాపారి, ఒకరు అల్ జజీరా విలేకరి సలాహ్ అల్ ఎజైలీ, మూడో ఆయన నాలాగే బడి నడిపిన మనిషి. ముగ్గురి మీదా ఏ నేరమూ మోపకుండానే వదిలేశారు. 2008లో వేసిన దావా జ్యూరీ ముందుకు వచ్చేసరికి 2024 ఏప్రిల్ అయింది. ఎజైలీ ఇక్కడ వర్జీనియాలోనే ఉన్న అలెగ్జాండ్రియా కోర్టుకు స్వయంగా వచ్చారు. ఒళ్లు నలిగిపోయే భంగిమలో గంటల తరబడి ఉంచితే నల్లటి ద్రవం కక్కుకున్నానని సాక్ష్యం చెప్పారు. ఆ జ్యూరీ ఏ తీర్పూ చెప్పలేక చేతులెత్తేసింది. మళ్లీ విచారణ జరిగింది. నవంబరు 12న ఇంకో జ్యూరీ కంపెనీదే బాధ్యత అని తేల్చింది. ఒక్కొక్కరికి కోటీ 40 లక్షల డాలర్ల చొప్పున, మొత్తం 4 కోట్ల 20 లక్షల డాలర్లు ఇమ్మంది. కంపెనీ అప్పీలు చేస్తామంది. ఏ ప్రభుత్వమూ చేయని పనిని మామూలు పౌరులు చేశారు.

ఇక పై మెట్టు మీదున్నవాళ్లు. 2002 డిసెంబరులో, క్యూబాలో అమెరికా నడిపే గ్వాంటనామో సైనిక జైల్లోని ఖైదీలను నాలుగు గంటల దాకా నిలబెట్టవచ్చన్న కాగితం మీద రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ సంతకం పెట్టారు. కింద సొంత చేత్తో ఓ మాట కూడా రాశారు: నేను రోజుకు 8 నుంచి 10 గంటలు నిలబడతాను, నాలుగు గంటలకే ఎందుకు పరిమితం చేశారు? ఆఫీసులో తన ఇష్టం కొద్దీ నిలబడేవాడి మాట అది. పీరియడంతా బెంచీ మీద నిలబెట్టిన పిల్లల కాళ్లు ఎలా వణుకుతాయో ఏ పల్లెటూరి మేష్టారైనా ఆయనకు చెప్పగలడు. 2021లో పోయేదాకా ఆయన ఏ కోర్టు బోనూ ఎక్కలేదు.

చట్టం లేక కాదు. విదేశాల్లో చిత్రహింసలు పెట్టినవాళ్లను శిక్షించే చట్టం అమెరికాకు ఉంది. లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్ కొడుక్కి దాని కిందే 2009 జనవరిలో మయామీ కోర్టు 97 ఏళ్లు వేసింది. సరిగ్గా అదే నెలలో, బుష్ హయాం సంగతులు తవ్వుతారా అని అడిగితే, వెనక్కి కాదు ముందుకు చూడాలని ఒబామా అన్నారు.

మనకైతే ఆ చట్టమూ లేదు. చిత్రహింసల వ్యతిరేక ఐరాస ఒప్పందం మీద భారత్ 1997లో సంతకం చేసింది గానీ ఆమోద ముద్ర వేయలేదు. 2010 మేలో లోక్‌సభ పాస్ చేసిన బిల్లు రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లి, 2014లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. లా కమిషన్ 2017లో మళ్లీ సిఫారసు చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఆ సిఫారసు ఎక్కడిదాకా వచ్చిందని వారిని మీ విలేకరులు అడిగి, ఏం చెబుతారో పేర్లతో సహా ప్రచురించండి.

— ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తెనాలి (ప్రస్తుతం హెర్న్‌డన్, వర్జీనియా)