ఈసారి బేరియం టైటనేట్ ఎందుకు పంపలేదంటే

మా దగ్గర బేరియం టైటనేట్ అనే సిరామిక్ పొడి క్యూబులు (ఘనాకారపు సన్న గింజలు) కొనే ల్యాబ్ సార్లకు, మేడమ్‌లకు, పీహెచ్‌డీ పిల్లలకు కడప నుంచి నమస్కారం. పోయిన నెల ఆర్డర్లు ఇంకా కదల్లేదు. కొరియర్ మీద తోసేయొచ్చు గానీ, అసలు సంగతి సరుకు చెడిపోవడం.

క్యూబుల తయారీకి టైటానియం డయాక్సైడ్‌తో కలిపే బేరియం హైడ్రాక్సైడ్ ఆరేళ్లుగా తెస్తున్న చోటి నుంచే వచ్చింది. లోపలి కవరు మూతి సరిగా కట్టలేదు. గాలి తగిలితే అది కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కార్బొనేట్ అయిపోతుంది. చూడ్డానికి రెండూ తెల్లపొడే. మరగకాచిన నీళ్లలో చెంచాడు వేస్తే అడుగున తెల్లటి మడ్డి మిగిలింది. దాని మీద రెండు చుక్కలు యాసిడ్ వేయగానే బుస్సుమని పొంగింది. ఈ పరీక్ష డబ్బా తెరిచిన రోజే చేయాల్సింది. నమ్మకం కొద్దీ చేయలేదు, ఆ తప్పు నాదే. సప్లయరేమో "మీ దగ్గరే గాలి తగిలుంటుంది" అన్నాడు. సీలు తీసిన వీడియో పంపాక ఫోనెత్తడం మానేశాడు. పక్కనే మంగంపేటలో కొండంత ముగ్గురాయి (బేరియం ఖనిజం) పెట్టుకుని బేరియం కోసం ఇలాంటివాళ్ల మాటలు పడాలి. రాయిలో ఉండేది సల్ఫేట్, దాన్ని హైడ్రాక్సైడ్ చేయడం నా షెడ్డులో అయ్యేది కాదని తెలుసు. అయినా కడుపు మండుతుంది.

200 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆటోక్లేవ్‌లో (మూత బిగించి ఒత్తిడిలో వేడిచేసే పాత్ర) ఉంచినా, బేరియం చాలక టైటానియం డయాక్సైడ్ కొంత అలాగే మిగిలింది. ఎక్స్ఆర్‌డీలో (పొడిలో ఏమేం ఉన్నాయో ఎక్స్‌రేలతో చూసే పరీక్ష) 24 డిగ్రీల కోణం దగ్గర కార్బొనేట్ పీక్ నిలబడి కనిపించింది.

పల్చటి అసిటిక్ యాసిడ్‌తో కడిగితే కార్బొనేట్ పోతుంది. ప్రతి బ్యాచ్‌నూ కొద్దిగా కడుగుతాం కూడా. "అదే కడిగి సగం ధరకు ఇచ్చేయి, కరెంటు బిల్లన్నా వస్తుంది" అంది మా ఆవిడ. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఇంత కార్బొనేట్ పోవాలంటే గంటలకొద్దీ కడగాలి. అప్పుడు యాసిడ్ క్యూబు పైపొరలోని బేరియాన్ని కూడా లాగేస్తుంది. మిగిలిన టైటానియం డయాక్సైడ్ ఎటూ పోదు. ఉత్త బేరియం టైటనేట్ ఎక్కడైనా దొరుకుతుంది. మీరు నా దగ్గరికొచ్చేది ఆరు ముఖాలూ చదునుగా ఉన్న గింజ కోసం. ముఖం కొరుక్కుపోయిన గింజ మీద నా లేబుల్ అంటించలేను. పదకొండు బ్యాచ్‌లూ డ్రమ్ములో పోసి సీలు వేశా. బేరియం విషం కాబట్టి కాలవలో పోయలేదు.

ఆ లాట్‌లోవే రెండు ప్యాకెట్లు ముందే వెళ్లిపోయాయి. తీసుకున్నవాళ్లకు ఫోన్ చేశా. డబ్బు వాపసు, కొరియర్ ఖర్చు మాదే. కొత్త హైడ్రాక్సైడ్ వేరేచోట కొన్నా, ధర ఎక్కువే. మీ రేటు పెంచను. పాతాయన సగానికిస్తానన్నా ఆ గుమ్మం తొక్కను. మొండితనమే అనుకోండి.

స్ట్రాన్షియం టైటనేట్ ఎప్పటిలాగే ఉంది. బేరియం క్యూబులకు ఇంకో మూడు వారాలు పడుతుంది. తొందరపెట్టొద్దు, ఆటోక్లేవ్ చల్లారకుండా మూత తీసే అలవాటు నాకు లేదు.