నవలను తీసేయకండి, దాని పక్కన పుస్తకాలు పెట్టించండి: గ్రంథాలయాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్య, పౌర గ్రంథాలయాల శాఖ మంత్రి గారికి,

గుంటూరు, విజయవాడ సంఘాల్లో సండే స్కూలు, యువజన బైబిలు తరగతులు నడిపే ఉపాధ్యాయులం వందనాలతో రాస్తున్న లేఖ ఇది.

క్రీస్తు జీవితాన్ని తలకిందులు చేసి చెప్పే నవలో సినిమానో వచ్చిన ప్రతిసారీ మావాళ్ళే కొందరు తమ దగ్గరికీ కలెక్టర్ల దగ్గరికీ అర్జీలు పట్టుకొస్తారు. నిషేధించమంటారు, గ్రంథాలయాల్లోంచి తీయించమంటారు. అలాంటి అర్జీల మీద మేం సంతకం పెట్టం. డాన్ బ్రౌన్ రాసిన 'డా విన్చీ కోడ్' లాంటి నవలను బీరువాలోనే ఉండనివ్వండి, దాని పక్కన నాలుగైదు పుస్తకాలు కొని పెట్టించండి అన్నదే మా విన్నపం.

నిషేధం సంగతి మన రాష్ట్రానికి కొత్త కాదు. 2006 జూన్‌లో అప్పటి ప్రభుత్వం 'డా విన్చీ కోడ్' సినిమాను ఆపించింది. సెన్సారు బోర్డు పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్టు ఇచ్చి, ఇది కల్పితమన్న ప్రకటన కూడా జత చేయించిన సినిమా అది. అదే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పుస్తకమైతే ఇంకా కష్టం. జప్తు చేయాలంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 98వ సెక్షను కింద ప్రభుత్వం కారణాలు రాసి నోటిఫికేషన్ ఇవ్వాలి. దాన్ని కాదన్నవాళ్ళు రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్తే ముగ్గురు జడ్జీల బెంచి వింటుంది. రచయిత కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానించాడని చూపాలి. మా మనసు నొచ్చుకుందంటే సరిపోదు. సరిపోకూడదు కూడా.

ఇంతకీ ఆ నవలతో చిక్కెక్కడ? కథలో కాదు. 2003లో వచ్చిన ఆ పుస్తకం మొదట్లో 'వాస్తవం' అన్న శీర్షికతో ఒక పేజీ ఉంది. ఇందులోని కళాఖండాలు, కట్టడాలు, పత్రాలు, రహస్య క్రతువుల వర్ణనలన్నీ నిజమేనని అందులో రాసుంది. ఇంటర్ చదివే పిల్లవాడు ఆ పేజీ దాటాక ఇక దేన్నీ అనుమానించడు. పాత్రల నోట వచ్చే చరిత్రంతా పాఠ్యపుస్తకంలా మింగేస్తాడు. ఆ పేజీలోనే నిజమైనదిగా చెప్పిన ప్రయరీ ఆఫ్ సియన్ అనే రహస్య సంఘాన్ని ఫ్రాన్స్‌లో పియెర్ ప్లాంటార్ అనే ఆయన 1956లో రిజిస్టరు చేయించాడు. దానికి వందల ఏళ్ళ చరిత్ర ఉందని చూపే పత్రాలు 1960లలో పుట్టించి పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్చినవి.

క్రైస్తవ బిషప్పులు కూడిన నైసియా సభ విషయం కాస్త వివరంగా చెప్పాలి, మా తరగతుల్లో ఎక్కువ ప్రశ్నలు దాని మీదే వస్తాయి. అప్పటిదాకా యేసును మామూలు ప్రవక్తగానే చూశారనీ, క్రీ.శ. 325లో ఓట్లు వేసి దేవుణ్ణి చేశారనీ, అదీ బొటాబొటి మెజారిటీతో అనీ నవల్లో ఒక పాత్ర చెబుతుంది. సభకు వచ్చిన బిషప్పులు సుమారు 300 మంది. విశ్వాస ప్రమాణాన్ని చివరిదాకా ఒప్పుకోనివాళ్ళు ఇద్దరు. పైగా అక్కడి తగాదా యేసు మనిషా దేవుడా అన్నది కానే కాదు. ఎదుటి పక్షమైన ఏరియస్ కూడా కుమారుడు లోకాలన్నిటికంటే ముందే ఉన్నాడనే అన్నాడు. కాకపోతే ఆయన సృష్టించబడినవాడన్నాడు, తండ్రితో సమానుడు కాడన్నాడు. ఇక అంతకు రెండు వందల ఏళ్ళ ముందు, క్రీ.శ. 112 ప్రాంతంలో, రోమన్ గవర్నరు ప్లినీ తన చక్రవర్తికి రాసిన ఉత్తరంలో ఈ క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడుతున్నారని తెలియజేశాడు. ఆయన మా పక్షం మనిషి కాదు, మమ్మల్ని విచారించి శిక్షించినవాడు.

బైబిల్లో ఏ పుస్తకాలుండాలో కూడా నైసియాలోనే తేల్చారనడం ఇంకో పొరపాటు. ఆ సభ చేసిన 20 నియమాలు దొరుకుతున్నాయి, చదువుకోవచ్చు. ఆ మాట ఒక్కదాంట్లోనూ లేదు. నాలుగు సువార్తలే అని బిషప్పు ఐరేనియస్ 180 ప్రాంతంలోనే వాదించాడు. కొత్త నిబంధనలోని సరిగ్గా ఇప్పటి 27 పుస్తకాల పట్టిక బిషప్పు అతనాసియస్ 367లో రాసిన పండుగ లేఖలో కనిపిస్తుంది.

మగ్దలేనే మరియ యేసు భార్య అనీ, ఆ సంగతినీ స్త్రీ మహిమనూ సంఘం తొక్కిపెట్టిందనీ చెప్పే నవల, బైబిల్లో లేని ఫిలిప్పు సువార్తను సాక్ష్యం తెస్తుంది. ఆ ప్రతి 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీ దగ్గర జాడీలో దొరికిన 13 సంపుటాల్లో ఒకదానిలో, కాప్టిక్ భాషలో ఉంది. యేసు ఆమెను తరచుగా ముద్దుపెట్టుకునేవాడన్న వాక్యంలో, ఎక్కడ అన్నది ఉండాల్సిన చోట పపైరస్‌కు చిల్లు పడింది. నవల ఆ చిల్లును 'నోటి మీద' అని పూడ్చేసింది. అదే గ్రంథంలో మరో చోట విశ్వాసులందరూ ఒకరినొకరు ముద్దుపెట్టుకోవడం గురించి ఉంది, దాన్ని మాత్రం వదిలేసింది. వాటితోపాటే దొరికిన తోమా సువార్త చివరి వాక్యం కూడా పాఠకులు చూడాలి. స్త్రీలు జీవానికి తగరు, మరియను పంపేయండని పేతురు అంటే, ఆమెను పురుషునిగా చేస్తానని యేసు జవాబిస్తాడు. సంఘం తొక్కిపెట్టిన స్త్రీ మహిమ ఇదేనట! యోహాను 20వ అధ్యాయంలో లేచిన ప్రభువును మొదట చూసి, శిష్యులకు కబురు మోసింది మగ్దలేనే మరియే.

డా విన్చీ గీసిన 'చివరి భోజనం' బొమ్మలో యేసు పక్కనున్నది మగ్దలేనే మరియేనన్న నవల మాట గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గడ్డం లేని కుర్రవాడిగా యోహానును గీయడం ఆనాటి ఇటలీ చిత్రకారుల అలవాటు.

తప్పు మా వైపూ ఉంది. 'బైబిల్లో ఒక్క అక్షరం కూడా తేడా లేదు' అని పిల్లలకు చెప్పే బోధకులు మాలో చాలామంది. మార్కు సువార్త చివరి 12 వచనాలు, యోహాను 8వ అధ్యాయం మొదట్లో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ అతి పాత ప్రతుల్లో లేవు. ఇప్పటి అనువాదాలు చాలావరకు ఆ మాట పేజీ కిందే చెబుతాయి. ఈ సంగతి పిల్లవాడికి మా దగ్గర కాక నవల్లోనో యూట్యూబులోనో తెలిస్తే, మేం చెప్పిన మిగతావన్నీ కూడా అబద్ధాలే అనుకుంటాడు. ఆ పిల్లవాణ్ణి ఏ నిషేధమూ వెనక్కి తేలేదు.

అందుకే జిల్లా కేంద్ర గ్రంథాలయాలతో మొదలుపెట్టి, విజయవాడ ఠాగూర్ గ్రంథాలయం వంటి పెద్దవాటికి ఈ పుస్తకాలు కొనమని అడుగుతున్నాం. తెలుగు బైబిలు ప్రొటెస్టెంటు, కథోలిక ప్రతులు రెండూ ఉండాలి, పుస్తకాల సంఖ్యలో తేడా పాఠకుడే చూస్తాడు. యూసేబియస్ సంఘ చరిత్ర, ప్లినీ ఉత్తరాలు, నైసియా నియమాలు ఇంగ్లీషులో పాత అనువాదాలున్నాయి, వాటికి కాపీరైటు చిక్కు లేదు. నాగ్ హమ్మాదీ గ్రంథాల అనువాదానికి మాత్రం హక్కులున్నాయి, కొనాల్సిందే. అవును, మా నమ్మకానికి అడ్డొచ్చే ఆ గ్రంథాలనే మేం కొనమంటున్నాం, ఎందుకంటే వాటిని చదివినవాడు నవలను నమ్మడు. ఇంగ్లీషు రానివారికి పైన చెప్పిన భాగాలు మాత్రం తెలుగు చేసి 32 పేజీల చిన్న పుస్తకంగా వేయించవచ్చు. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నది ఇలాంటి వాటికే కదా.

నవల మీద హెచ్చరిక చీటీ అంటించొద్దు. అంటిస్తే దాన్నే ముందు అడుగుతారు. మతం విభాగంలోకీ మార్చొద్దు, అక్కడ చూస్తే పరిశోధన అనుకుంటారు. నవలల్లోనే ఉంచి, కేటలాగులో 'ఇవి కూడా చూడండి' అని మిగతా పుస్తకాల నంబర్లు రాస్తే చాలు.

గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం గంటన్నర చర్చ పెట్టవచ్చు. నవల నచ్చిన పాఠకుడొకరు, చరిత్ర అధ్యాపకుడొకరు, పాస్టరో ఫాదరో ఒకరు ఉంటే చాలు. నవల పేజీ, మూల గ్రంథం పేజీ పక్కపక్కనే తెర మీద వేయాలి. ప్రశ్నలు చీటీల మీద తీసుకోవాలి, మైకు ఇస్తే మావాళ్ళు ప్రసంగం మొదలుపెడతారు. అది ప్రభుత్వ గ్రంథాలయం కాబట్టి ప్రార్థనతో ప్రారంభించం, కరపత్రాలు పంచం.

పుస్తకాల పూర్తి జాబితా, ప్రచురణకర్తల వివరాలతో సహా, తమ ఎంపిక కమిటీకి పంపడానికి సిద్ధంగా ఉన్నాం. అందులో మత ప్రచార పుస్తకం ఒక్కటి కనిపించినా కమిటీ కొట్టేయవచ్చు, మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
గుంటూరు, విజయవాడ సండే స్కూలు, బైబిలు తరగతుల ఉపాధ్యాయులు