మొలలని వదిలేస్తున్న రక్తం: వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

పెద్దపేగు క్యాన్సర్ పరీక్షల కోసం ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మాది చిత్తూరు జిల్లా, పలమనేరు దగ్గర పల్లె. మా చిన్నాన్నకు మలంలో రక్తం పడేది. మొలలనుకుని ఏడాదికి పైగా నాటుమందు వాడాడు. ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు. తిరుపతిలో కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసేసరికి పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. ఆయన పోయాక మా పిన్ని పాడి ఆవులమ్మి అప్పు తీర్చింది. ఇంటికి పాల డబ్బు కూడా లేకుండా పోయింది.

ఈ జబ్బు రాత్రికి రాత్రి రాదు. పేగు లోపల పాలిప్ అనే చిన్న కండగా మొదలై, క్యాన్సర్‌గా మారడానికి చాలామందిలో 10 ఏళ్ల దాకా పడుతుంది. ఆలోగా కనిపెడితే కొలనోస్కోపీలోనే తీసేయవచ్చు. కంటికి కనపడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్షకు ఇంట్లో తీసిన కొద్దిపాటి మలం చాలు.

మన దగ్గర 30 దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల స్క్రీనింగ్ (ముందస్తు పరీక్ష) ఉంది. అది నిజంగా మంచి పని. పెద్దపేగును మాత్రం అందులో చేర్చలేదు.

అయ్యా, మా విన్నపం ఇది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 45 దాటినవారికి ఫిట్ పరీక్ష మొదలుపెట్టండి. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే, ఆ కుటుంబంవారిని ముందు పిలవండి. రక్తం పడుతోందని చెప్పినవారికి మొలల మందిచ్చి పంపకుండా, కొలనోస్కోపీకి తేదీ రాసిచ్చి పంపించండి. మలంలో రక్తం పడుతోందా అని ఆశా కార్యకర్తలు ఇంటింటా అడిగేలా చూడండి. మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
పలమనేరు ప్రాంత పౌరుడు