కొండెక్కేవాడి పేరు రాసుకోండి

సంపాదకుడు గారికి,

మారేడుమిల్లి వైపు కొండల మీద గుడారాలు వేసుకుని పడుకునేవాళ్ళని పూర్తిగా ఆపెయ్యాలని ఈమధ్య మా వైపు చాలామంది అంటున్నారు. వదిలేసి వచ్చే ప్లాస్టిక్కు, పగలగొట్టిన సీసాలు, అర్ధరాత్రి పెద్ద సౌండుతో పాటలు చూసి విసిగిపోయి అంటున్న మాట అది. వాళ్ళ కోపాన్ని నేను కాదనను. కానీ కెమెరా పట్టుకుని ఒక్కణ్ణే ఆ కొండలకి వెళ్ళొచ్చేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి నా వైపు నుంచీ ఒక మాట చెప్పుకోవాలి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా కోనసీమలో ఎత్తు అంటే ఏటిగట్టే. ఎటు తిరిగినా కొబ్బరిచెట్లు, చేలు, కాలవలు. ఇలాంటి చోట పుట్టినవాడికి కొండంటే మోజు ఉండటంలో వింతేముంది? రాజమండ్రి, గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళ్ళేసరికే గాలి మారిపోతుంది. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిని, వాగు దగ్గర ఫోటోలు దిగి వెనక్కి వచ్చేసేవాళ్ళు ఎక్కువ. నాలాంటి నలుగురైదుగురు ఇంకా పైకి పోతారు.

గత ఏడాది కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం ఫోటోలు తీసి, మర్నాడు తెల్లారగట్ల బండి మీద బయల్దేరాను. మారేడుమిల్లిలో గది తీసుకుంటానని ఇంట్లో అబద్ధం చెప్పాను. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర ఆపి, సంచిలో మందు సీసాలేమైనా ఉన్నాయేమోనని వెతికారు. గుడారం, ట్రైపాడ్, నాలుగు లీటర్ల నీళ్ళు, అరిసెల డబ్బా చూసి పంపేశారు. ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఒక్కడివేనా అని అడగలేదు. అప్పుడు అదే మంచిదైందనుకున్నాను.

నేను ఎక్కిన కొండ పేరు ఇక్కడ రాయను. మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ పేరు ఊరూరా పాకాక అక్కడి పచ్చికకి జీపుల వల్ల, చెత్త వల్ల ఏం జరిగిందో వెళ్ళినవాళ్ళకి తెలుసు.

ఆ తెల్లవారుజాము మాత్రం చెప్పకుండా ఉండలేను. చలికాలం రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయల్లోకి దిగుతుంది, మంచు అక్కడే పేరుకుపోతుంది, కొండకొమ్ములు పైకి తేలి ఉంటాయి. వరదల్లో గోదారి లంకల్ని ముంచెత్తినప్పుడు గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. నీళ్ళకి బదులు మంచు, లంకలకి బదులు కొండలు, అంతే. చలికి కెమెరా బ్యాటరీలు తొందరగా చచ్చిపోతాయని వాటిని రాత్రంతా చొక్కా లోపల పెట్టుకుని పడుకున్నాను. లెన్సు చెమరుస్తుంటే తుడుచుకుంటూ, వెలుగు మారేలోపు నలభై ఫోటోలు తీశాను. పనికొచ్చినవి మూడు.

రెండోరోజు పొద్దున్నే ఫ్రేములోకి ఒక కొమ్మ అడ్డొస్తోందని, కన్ను కెమెరా మీద నుంచి తీయకుండానే పక్కకి నాలుగడుగులు వేశాను. గడ్డి మంచుకి తడిసి ఉంది. కాలు జారింది, చీలమండ మెలిపడింది. ఫోనులో ఒక్క గీత సిగ్నల్ కూడా లేదు. గంటన్నర అక్కడే కూర్చున్నాను.

జీలుగుకల్లు దించుకోవడానికి వచ్చిన కొండరెడ్డి తెగ పెద్దాయన కంటపడ్డాను కాబట్టి సరిపోయింది. నా కాలు చూశాడు, తన కర్ర నా చేతికిచ్చాడు, నా సంచి భుజాన వేసుకున్నాడు. మంట వేద్దామని ముందురాత్రి నేను పేర్చిన రాళ్ళు చూసి మొహం చిట్లించాడు. “మాఘం వస్తే ఈ గడ్డికి బీడీ ముక్క చాలు బాబూ” అన్నాడు. దిగుతూ దిగుతూ, “నువ్విక్కడున్నావని మీ ఇంటోళ్ళకి తెలుసా?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. చెక్‌పోస్టులో అడగాల్సిన ప్రశ్న అది, అడిగింది మాత్రం ఆయన.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు, అందులో ఎంతమంది ఎక్కారన్న లెక్కే మొదట్లో కుదరలేదు. ఎవరు వెళ్ళారో తెలియకపోతే ఎవర్ని వెతకాలో తెలియదని గోదారి ఒడ్డువాళ్ళకి మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళ మీదకి వెళ్ళేవాడికి పేరు రాయడం అవసరమైతే కొండమీదకి వెళ్ళేవాడికి ఎందుకు వద్దు?

నిషేధం పెడితే నాలాంటివాడు దొంగదారి పడతాడు, గుడారం గోనెసంచిలో దాచుకుంటాడు. పాపికొండలు 2008లో జాతీయ వనం అయింది, అందులోకి అనుమతి లేకుండా పోకూడదు, నిజమే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే, 28వ సెక్షన్‌లో, అనుమతి ఇవ్వదగిన పనుల్లో ఫోటోగ్రఫీని పేరు పెట్టి చెప్పింది. చట్టంలో మాకు చోటుంది. లేనిదల్లా రాజోల్లో ఉన్నవాడు ఆ కాగితం ఎక్కడ, ఎలా తెచ్చుకోవాలన్న స్పష్టత. నేను వాకబు చేస్తే ఒక కార్యాలయంవాళ్ళు ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడివాళ్ళు మళ్ళీ మొదటిదానికే పంపారు.

చెక్‌పోస్టులో ఒక పుస్తకం పెట్టమంటున్నాను. పేరు, ఇంటి ఫోను, ఎక్కే కొండ, దిగే రోజు రాసుకోవాలి. దిగినట్టు సంతకం పడకపోతే మర్నాడు ఎవరైనా కదలాలి. పర్యాటకుల శిబిరాలు నడిపిన అనుభవం మారేడుమిల్లిలోని వన సంరక్షణ సమితులకి ఉంది. గుడారం వేసుకోదగిన చోట్లు వాళ్ళనే గుర్తించమనండి, మా దగ్గర రుసుము తీసుకుని ఆ గూడేలకే ఇవ్వమనండి. చెత్తకి డిపాజిట్ కట్టించుకోండి, కిందకి మోసుకొస్తేనే తిరిగివ్వండి. మంట మాత్రం ఎక్కడా వద్దు. నాకిప్పుడు చిన్న గ్యాసు పొయ్యి చాలు. గైడు తప్పనిసరి అంటే మాత్రం నేను ఒప్పుకోను. పక్కన ఒక మనిషి మాట్లాడుతూ ఉంటే ఇక ఒంటరిగా వెళ్ళడమెందుకు?

ఇంకోమాట. ఏజెన్సీలో రాత్రులు గడిపి వచ్చినవాళ్ళకి రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, వెళ్ళొచ్చిన సంగతి ముందుగా డాక్టరుకి చెప్పాలి. కిందకి దిగాక వచ్చిన మలేరియాని మామూలు జ్వరమనుకుని గోళీలతో సరిపెట్టుకునేవాళ్ళున్నారు.

చీలమండ వాపు చూసేసరికి నా అబద్ధం బయటపడింది. మా ఆవిడ మూడురోజులు మాట్లాడలేదు. ఇప్పుడు బయల్దేరేముందు దారి గీసి, దిగే రోజు వేసి ఆవిడ చేతికి కాగితం ఇస్తున్నాను, ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటిస్తోంది. అలాంటిదే ఇంకో కాగితం చెక్‌పోస్టులో కూడా ఇస్తానంటే, తీసుకునేవాళ్ళు ఇంతవరకు కనపడలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజోలు, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా