ఊపి చూశాకే పైకి పంపేది

బెంగళూరు,
ఆదివారం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. "బరువే లేని చోట తిరిగే ఉపగ్రహానికి అంత స్ట్రక్చర్ ఎందుకురా, దాన్ని నెలల తరబడి టెస్ట్ చేయడం ఎందుకురా" అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ నేను పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆలోచించేది దీని గురించే కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

నువ్వన్నది నిజమే. కక్ష్యలోకి చేరాక ఉపగ్రహం ఫ్రేముకి మోయాల్సిన బరువంటూ పెద్దగా ఉండదు. దాని కష్టమంతా అంతకుముందే. రాకెట్ లేచినప్పటి నుంచి ఉపగ్రహం విడిపోయే దాకా పావుగంటో, ఇరవై నిమిషాలో. ఆ కాసేపట్లోనే కింద నుంచి ఇంజన్ల కుదుపు, చుట్టూ చెవులు పగిలే హోరు, స్టేజీలు విడిపోయేటప్పుడు కొట్టే షాకు. ఏళ్ల తరబడి పనిచేయాల్సిన యంత్రం ఆ కాసేపు తట్టుకుని బయటపడాలి. ఏదన్నా వదులైతే పైకెళ్లి బిగించేవాడు లేడు.

మరి గట్టిగా కట్టేయొచ్చు కదా అంటావు. అక్కడే ఉంది తంటా. నువ్వు కట్టే అపార్ట్‌మెంట్‌కి లోడ్‌ని 1.5తో హెచ్చిస్తావు, మళ్లీ కాంక్రీటు బలాన్ని 1.5తో భాగిస్తావు. నిశ్చింతగా నిద్రపోతావు. మాకు ఆ వెసులుబాటు లేదు. మా సేఫ్టీ ఫ్యాక్టర్లు, అంటే పడే లోడ్‌కి ఎన్ని రెట్లు బలం పెట్టుకుంటామో ఆ అంకెలు, మామూలుగా 1.25, 1.4 దగ్గర ఉంటాయి. ఫ్రేములో ఒక కిలో పెరిగితే కెమెరాకో ఇంధనానికో ఒక కిలో తగ్గినట్టే. మార్జిన్ అంత తక్కువ పెట్టుకున్నవాడు లెక్కని నమ్మి కూర్చోలేడు, వస్తువుని ఊపి చూడాల్సిందే.

ఉపగ్రహం ఫ్రేముకి వాడే ప్యానెళ్ల సంగతి చెబుతా, నీకు నచ్చుతుంది. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య అల్యూమినియం ఫాయిల్‌తో చేసిన తేనెతుట్టె గదులు. రెండువైపులా జిగురు ఫిల్మ్ వేసి, ఒత్తిడి పెట్టి, వేడి చేసి అతికిస్తారు. మీ ఐ-బీమ్ సూత్రమే: రేకులు ఫ్లాంజ్ (పైన, కింద పట్టీలు) పని, తుట్టె వెబ్ (మధ్య గోడ) పని. చేతిలోకి తీసుకుంటే అంత పెద్ద పలక ఇంత తేలిగ్గా ఉందేంటా అనిపిస్తుంది. ఆ ఫాయిల్‌కి సన్నటి రంధ్రాలుంటాయి. రాకెట్ రెండు మూడు నిమిషాల్లో గాలి దాటి పోతుంది కదా, గదుల్లో చిక్కుకున్న గాలికి దారి లేకపోతే లోపల్నుంచి రేకుని తన్నుకొచ్చి ఊడదీస్తుంది. ఇక ఈ తుట్టెలో స్క్రూ నిలబడదు. అందుకని మర ఉన్న చిన్న లోహపు బుడిపె ఒకటి దింపి, చుట్టూ ఎపాక్సీ నింపుతాం. దాన్ని ఇన్సర్ట్ అంటాం. ప్రతి బ్యాచ్‌లో నమూనా ముక్కలు చేసి, మెషీన్లో పెట్టి అది ఊడేదాకా లాగుతాం. గ్రాఫ్ నున్నగా పైకి పోతూ పోతూ ఒక్కసారిగా 'టప్'మని పడిపోతుంది. కోసి చూస్తే ఎపాక్సీ చుట్టూ ఫాయిల్ గోడలు ఏటవాలుగా మడతలు పడి ఉంటాయి. ఎక్కడ తెగిందో చూస్తే అతికించినవాడి పనితనం తెలిసిపోతుంది.

అసలు టెన్షన్ షేకర్ హాల్లో, అంటే ఊపే యంత్రం ఉన్న చోట. ఉపగ్రహాన్ని పెద్ద పలక మీద బిగిస్తాం. అడ్డంగా ఊపేటప్పుడు ఆ పలక సన్నటి నూనె పొర మీద జారుతుంది. ఒళ్లంతా కుదుపుని కొలిచే చిన్న చిన్న యాక్సిలరోమీటర్లు అంటిస్తాం, ఒక్కోదానికి ఒక్కో వైరు. ఒక్కో సమయంలో ఒకే ఫ్రీక్వెన్సీతో ఊపే సైన్ టెస్ట్ 5 హెర్ట్జ్ (సెకనుకి 5 ఊపులు) దగ్గర మొదలై 100 హెర్ట్జ్ దాకా పోతుంది. నిమిషానికి రెండు ఆక్టేవ్‌ల (ఆక్టేవ్ అంటే ఫ్రీక్వెన్సీ ఒకసారి రెట్టింపవడం) లెక్కన రెండు నిమిషాల పైచిలుకు. మొదట్లో ఊగడం కంటికి కనిపిస్తుంది, తర్వాత కనిపించదు గానీ హాలంతా రొద. ఆ రెండు నిమిషాలూ ఒకడి వేలు స్టాప్ బటన్ మీదే ఉంటుంది, మిగతా అందరి కళ్లూ స్క్రీన్ మీద గీతల మీద. వస్తువు తనంతట తాను ఊగే సహజ ఫ్రీక్వెన్సీ దగ్గరికి రాగానే గీత జివ్వున లేస్తుంది. అక్కడ ఎంత తగ్గించి ఊపాలో ముందే లెక్కేసి ఉంచుతాం, లేకపోతే రాకెట్‌లో వెళ్లేటప్పుడు తగిలేదానికంటే ఎక్కువ దెబ్బ మనమే కొట్టినట్టవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దానికి ముందూ వెనకా చేసే చిన్న టెస్ట్. బాగా తక్కువ స్థాయిలో ఊపి, ఏ ఫ్రీక్వెన్సీలో ఎలా స్పందిస్తోందో గీసుకుంటాం. పెద్ద టెస్ట్ అయ్యాక మళ్లీ అదే చేసి, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పెడతాం. మీ అమ్మ కుండ కొనేముందు వేలితో కొట్టి మోత వినేది చూడు, అదే పని. శిఖరం పక్కకి జరిగిందంటే లోపల ఏదో వదులైంది, లేదా చీలింది. గీతలు కలిసినప్పుడు హాల్లో ఎవరూ ఏమీ అనరు, కానీ అందరి భుజాలూ కిందికి దిగుతాయి. ఆ తర్వాత ఇంకా అన్ని ఫ్రీక్వెన్సీలూ కలగలిపి ఊపే రాండమ్ టెస్ట్, 140 డెసిబెల్స్ దాటిన హోరులో పెట్టే అకౌస్టిక్ టెస్ట్, షాక్, గాలి లేని గదిలో వేడీ చలీ మార్చి చూసే థర్మోవాక్. అవన్నీ రాస్తే తెల్లారుతుంది.

టెస్ట్ కూడా ప్రమాదమే. 2000 మార్చిలో అమెరికాలో నాసా ల్యాబ్ జేపీఎల్‌లో హెస్సీ అనే సూర్యుణ్ని చూసే ఉపగ్రహాన్ని షేకర్ మీద పెట్టారు. అనుకున్నది సుమారు 2 జీ (భూమి లాగే బలానికి రెండింతలు), తగిలింది 20 జీ చిల్లర. షేకర్ అమరిక సరిగ్గా లేక ఆ జారే పలక పట్టేసిందట, దాంతో కంట్రోల్ సిస్టమ్ తప్పుడు లెక్కతో తోసింది. సోలార్ ప్యానెళ్లు దెబ్బతిన్నాయి. మళ్లీ బాగుచేసి 2002 ఫిబ్రవరిలో ప్రయోగించారు, ఏళ్ల తరబడి బాగా పనిచేసింది. కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చెప్పేది ఇదే: వస్తువుని ఎక్కించే ముందు ఖాళీ పలకని ఊపి చూడండి.

బృహస్పతికి పంపిన గెలీలియో అనే అమెరికా నౌక కథ మరీ బాధ కలిగిస్తుంది. గొడుగులా విచ్చుకోవాల్సిన 4.8 మీటర్ల యాంటెన్నా, 18 ఊచలు. 1986లో ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదం తర్వాత ప్రయోగం ఆగిపోయి, దాన్ని కాలిఫోర్నియాకీ ఫ్లోరిడాకీ మధ్య ట్రక్కులో తిప్పారు. రోడ్డు కుదుపులకి కొన్ని ఊచల దగ్గర పొడి లూబ్రికెంట్ అరిగిపోయిందని తర్వాత తేల్చారు. 1989లో ఎగిరింది, 1991 ఏప్రిల్లో తెరవబోతే ఊచలు ఇరుక్కుపోయాయి. చిన్న యాంటెన్నాతోనే బృహస్పతి దగ్గర పని కానిచ్చారు, ఆ మొండితనానికి దండం పెట్టాలి. మన లారీ ప్రయాణాలకి కూడా సెన్సర్లు పెట్టి రికార్డు చేయమని నేను అందరి ప్రాణాలూ తీసేది అందుకే.

నువ్వు చంద్రయాన్ కాళ్ల గురించి కూడా అడిగావు. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ పడిపోయింది కాళ్ల తప్పు వల్ల కాదు, దిగేటప్పుడు వేగం అదుపు తప్పింది. అయినా చంద్రయాన్-3కి ఇస్రో వాళ్లు కాళ్లని గట్టిపరిచారు. సెకనుకి 2 మీటర్లు తట్టుకునేదాన్ని 3 మీటర్లు తట్టుకునేలా చేశారు. చూడ్డానికి ఒకటిన్నర రెట్లే గానీ, మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. ఇక్కడ భూమ్మీద మోకాలెత్తు నుంచి పడితే వచ్చే వేగం అది. చంద్రుడి మట్టిలాంటి మట్టి పోసి, దాని మీద రకరకాలుగా దింపి చూశారు. 2023 ఆగస్టు 23న అది దిగినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, నేను మాత్రం కాళ్లు ఎంత వంగాయో తెలిస్తే బాగుండు అనుకుంటూ కూర్చున్నా. తర్వాత సెప్టెంబర్లో ఇంజన్లు మళ్లీ వెలిగించి 40 సెంటీమీటర్లు ఎగిరి దిగింది చూడు, అప్పుడు కళ్లు చెమర్చాయిరా.

సూళ్లూరుపేట నీకు దగ్గరే కదా, ఈసారి ప్రయోగం ప్రకటించగానే శ్రీహరికోట గ్యాలరీకి ఆన్‌లైన్లో పేర్లు రాయించు. చెల్లెమ్మనీ పిల్లల్నీ కూడా తీసుకురా. నేనూ వస్తా. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. మీ సైట్లో పైల్ లోడ్ టెస్ట్ చేశామన్నావు, డయల్ గేజ్ రీడింగులతో సహా వివరంగా రాయి.

నీ
శేషు