స్కిమ్మర్ ఆర్డర్ పెట్టకముందు ఇది చదువు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. అందులో రాసిన సామాన్ల జాబితా రెండుసార్లు చదివాను. రీఫ్ ట్యాంకు, అదే ఉప్పునీళ్లలో పగడాలు పెంచే తొట్టి, పెడతాను పెడతాను అని ఎన్నేళ్లుగా అంటున్నావో, ఇన్నాళ్లకు నిజంగానే పూనుకున్నావు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. అందుకే ముందుగా ఒక్క మాట: ఇంకా ఏదీ కొనకు. నువ్వు రాసినవాటిలో సగం మొదటి ఏడాది నీకు అక్కర్లేదు. అసలు కావలసినవి రెండు మూడు ఆ జాబితాలోనే లేవు.

"ఫిల్టర్‌కి ఎంత పెట్టాలి" అని అడిగావు. మంచినీటి చేపలు పెంచినన్నాళ్లూ మనకు ఫిల్టర్ అంటే ఒక డబ్బా, లోపల స్పాంజి, అప్పుడప్పుడు కడుక్కోవడం. పగడాల ట్యాంకులో ఆ పని చేసేది రాయి. చేపలు వదిలే అమ్మోనియాను రాతి మీద పెరిగే బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. రాయి బెజ్జాలు బెజ్జాలుగా ఉంటుంది కదా, లోపల ఆక్సిజన్ సరిగా అందని చోట ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1961లోనే ఈ దారి గురించి రాశాడు. ఆయన ట్యాంకుల్లో సముద్రపు రాయి, గాలి బుడగలు, వెలుతురు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. తర్వాత జర్మనీవాళ్లు దానికి స్కిమ్మర్ (గాలి బుడగలతో నురగ కట్టించి మురికిని బయటికి తీసే పరికరం) జోడించారు. బెర్లిన్ పద్ధతి అని ఇప్పటికీ అందరూ అనేది దాన్నే. మనం చెయ్యబోయేది కూడా అదే.

కాబట్టి మొదటి డబ్బు రాయికి. లైవ్ రాక్, అంటే బాక్టీరియా, చిన్న జీవులు అప్పటికే ఉన్న సముద్రపు రాయి, ఖరీదు ఎక్కువ, పైగా దాంతోపాటు ఐప్టేసియా (పగడాలను కుట్టే చిన్న ఎనిమోన్) లాంటి పీడలు వస్తాయి. పొడి రాయి చవక, పీడలు రావు, కాకపోతే బాక్టీరియా నిలదొక్కుకోవడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. ముప్పాతిక వంతు పొడి రాయి, పావు వంతు మంచి లైవ్ రాక్ తీసుకో. నాలుగు నుంచి ఆరు వారాలు చేప లేకుండా ట్యాంకును నడవనివ్వు, అవసరమైతే ఇంకొన్ని రోజులు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే మొదటి చేప.

ఇక నీ జాబితాలో లేని వస్తువు: ఆర్వో-డీఐ యూనిట్, అంటే కుళాయి నీళ్లను ఆర్వో పొరలోంచి, తర్వాత డీఐ రెసిన్ అనే పూసల్లోంచి పంపి కరిగినవన్నీ తీసేసే పరికరం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే.

నా మొదటి ట్యాంకుకి కుళాయి నీళ్లే వాడాను. క్లోరిన్ పోగొట్టే మందు వేస్తే చాలనుకున్నాను. మూడో నెలకల్లా రాళ్ల మీద జుట్టులాంటి పచ్చటి నాచు దట్టంగా అల్లుకుపోయింది. చేత్తో పీకితే వారం తిరక్కుండానే మళ్లీ వచ్చేది. దాన్ని పోగొట్టడానికి నాచుకు మేతైన ఫాస్ఫేట్‌ను పీల్చేసే ఫాస్ఫేట్ రియాక్టర్ కొన్నాను, ఆ తర్వాత యూవీ లైటు, ఆ తర్వాత ఇంకా పెద్ద స్కిమ్మర్. చివరికి ఎవరో చెబితే టీడీఎస్ మీటర్ (నీళ్లలో మొత్తం ఎంత పదార్థం కరిగి ఉందో చూపించేది) తెచ్చి కుళాయి నీళ్లలో ముంచాను. మూడు వందలు దాటింది. అందులో ఏముందో మీటర్ చెప్పదు. కానీ రోజూ ట్యాంకులోంచి ఆవిరైపోయేది ఒట్టి నీరు మాత్రమే. దాని బదులు నేను పోసిన నీళ్లలోని ఫాస్ఫేట్, సిలికేట్ అన్నీ ట్యాంకులోనే ఉండిపోయి రోజురోజుకీ పేరుకుపోయాయి. రాగి ఉంటే ఇంకా ప్రమాదం, రొయ్యలూ నత్తలూ తట్టుకోలేవు. ఆ మూడు పరికరాలకీ పెట్టిన డబ్బులో చిన్న భాగంతో మంచి ఆర్వో-డీఐ వచ్చేది. ఆ మొదటి పగడాల్లో ఒక్కటి కూడా నాకు మిగల్లేదు. ఆ బాధ నీకు రాకూడదనే ఇంత చెప్తున్నాను.

యూనిట్ కొనేటప్పుడు డీఐ రెసిన్ రంగు మారే రకం అడుగు. పారదర్శకమైన గొట్టంలో ఆ రంగు కింద నుంచి పైకి మెల్లగా జరుగుతూ వస్తుంది, ఎంత మిగిలిందో కంటికే తెలుస్తుంది. బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ సున్నా ఉండాలి. ఒకటి చూపించినా రెసిన్ మార్చెయ్. ఒక లీటరు శుద్ధమైన నీటికి మూడు నాలుగు లీటర్లు వృథాగా పోతాయి, వాటిని బకెట్లలో పట్టుకుని ఇల్లు కడగడానికి వాడుకో.

ఇప్పుడు స్కిమ్మర్. నీకు అన్నిటికన్నా ఎక్కువ మోజు దీని మీదే ఉందని నాకు తెలుసు, అది న్యాయమే. మేత మిగులు, చేపల జిగురు, రెట్ట ఇవన్నీ కుళ్లి అమ్మోనియా కాకముందే బయటికి లాగేసే పరికరం ఇది. ఇలాంటి సేంద్రియ పదార్థాల అణువులకి ఒక కొన నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొన నీటిని తప్పించుకుంటుంది. అందుకే అవి గాలి బుడగ అంచుకి అంటుకుంటాయి. ఉప్పునీళ్లలో బుడగలు చాలా సన్నగా, ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా నిలుస్తాయి కాబట్టి నురగ కట్టి పైనున్న మురికి గిన్నెలోకి, అదే కప్పులోకి, పొర్లుతుంది. కొత్త స్కిమ్మర్ మొదటి వారం, పది రోజులు సరిగా పనిచెయ్యదు, కంగారు పడి తిప్పుడు మరలన్నీ తిప్పెయ్యకు. ఒకరోజు పొద్దున చూస్తే మెడ దగ్గర నురగ పొడిగా, గట్టిగా లేచి ఉంటుంది, కప్పు అడుగున చిక్కటి గోధుమరంగు నీళ్లు రెండు వేళ్ల ఎత్తు నిలిచి ఉంటాయి. మూత తీస్తే ముక్కు మూసుకోవాలి! ఆ కంపు అంతా నీ ట్యాంకులో ఉండాల్సింది, బయటికొచ్చేసింది.

సైజు విషయంలో పెట్టె మీది అంకెను నమ్మకు. "600 లీటర్ల వరకు" అని ఉంటే అది చేపలు తక్కువగా ఉన్న ట్యాంకుకి చెప్పిన లెక్క. చేపలు ఎక్కువైతే అందులో సగం అనుకో. అలాగని నీ 180 లీటర్ల ట్యాంకుకి వెయ్యి లీటర్లది పెడితే, నురగ కట్టడానికి సరిపడా మురికి దొరకక అది ఒకరోజు పనిచేసి రెండు రోజులు ఊరుకుంటుంది. 300 నుంచి 400 లీటర్లకని చెప్పేది నీకు సరిగ్గా సరిపోతుంది. ఇంకో సంగతి, చాలామంది కొన్నాక తెలుసుకునేది: ట్యాంకు కింద సంప్ అనే రెండో తొట్టి ఉంటుంది, అందులో స్కిమ్మర్ నిలబడే అరలో నీటి మట్టం మారకూడదు. ఏ లోతులో పెట్టాలో తయారీదారు రాస్తాడు, ఆ లోతు నీ సంప్‌లో ఉందో లేదో ముందే కొలుచుకో. కప్పు పైకి తీయడానికి కేబినెట్‌లో చోటుండాలి, అది కూడా.

సంప్ మాటకొస్తే, ఆ తొట్టిని ఖాళీ ఉన్నంతలో పెద్దది పెట్టు. గాజు తొట్టికి పెద్దగా డబ్బు కాదు, చోటే ముఖ్యం. కరెంటు పోతే ఏమవుతుందో ఒకసారి ఊహించు. సంప్‌లోంచి నీళ్లను పైకి పంపే రిటర్న్ పంపు ఆగుతుంది, పైనున్న నీళ్లు ఓవర్‌ఫ్లో అంచు (నీళ్లు సంప్‌లోకి పొర్లే చోటు) దాకా కిందికి దిగుతాయి. నీ ట్యాంకు 90 బై 45 సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్లు దిగినా ఎనిమిది లీటర్లు. రిటర్న్ గొట్టం మూతి నీళ్లలో లోతుగా ఉంటే సైఫన్ పట్టి ఇంకా లాగేస్తుంది. గొట్టంలో నీటి మట్టానికి కాస్త కింద చిన్న బెజ్జం పెడతారు, గాలి దూరి సైఫన్ తెగిపోవడానికి. మా ఇంట్లో ఒక రాత్రి ఆ బెజ్జంలో చిన్న నత్త కూర్చుంది. తెల్లారి లేచి చూసేసరికి గదంతా ఉప్పునీళ్లు. అప్పట్నుంచి గొట్టం మూతినే పైకి ఉంచుతున్నాను, బెజ్జాన్ని నమ్ముకోవడం లేదు. ట్యాంకు నింపిన రోజే పంపు స్విచ్ ఆపి, సంప్‌లో నీళ్లు ఎక్కడిదాకా లేచాయో చూసి, మళ్లీ నడుస్తున్నప్పటి మట్టం దగ్గర టేపుతో గీత పెట్టుకో. ఆ గీత దాటి ఎప్పుడూ పొయ్యకు.

రిటర్న్ పంపు గంటకి ట్యాంకు నీళ్లను నాలుగైదు సార్లు తిప్పితే చాలు. పగడాలకు కావలసిన అలల ఒరవడి వేవ్‌మేకర్లు ఇస్తాయి, దానికోసం పెద్ద పంపు కొని కరెంటు కాల్చొద్దు. 40 వాట్ల పంపు రాత్రింబగళ్లు నడిస్తే ఏడాదికి 350 యూనిట్లు. 20 వాట్లదైతే అందులో సగం. కొనేటప్పుడు చవకగా కనిపించే పంపు ఏడాది తిరిగేసరికి ఖరీదైనదైపోతుంది. ఈ లెక్క ప్రతి వస్తువుకీ వేసి చూడు.

అసలు నీ బడ్జెట్‌లో నాకు కనిపించిన లోటు ఇదే. సామాన్ల ధర వేశావు, నడిపే ఖర్చు వెయ్యలేదు. వారానికి పది శాతం నీళ్లు మారుస్తావనుకో, 18 లీటర్లు. లీటరుకి సుమారు 36 గ్రాముల ఉప్పు, అంటే వారానికి 650 గ్రాములు, ఏడాదికి దాదాపు 34 కిలోలు. దీని మీద యాక్టివేటెడ్ కార్బన్, డీఐ రెసిన్, ఆల్కలినిటీ, కాల్షియం, నైట్రేట్, ఫాస్ఫేట్ టెస్ట్ కిట్లు. ఉన్న డబ్బులో మూడో వంతు ఏడాది ఖర్చుకని పక్కన పెట్టేసి, మిగిలినదాంతోనే సామాన్లు కొను. డబ్బు తక్కువపడితే ట్యాంకును చిన్నది చేసుకో గానీ నీళ్ల ఖర్చు తగ్గించి డబ్బు మిగుల్చుకోకు.

జాబితాలోంచి కొట్టెయ్యాల్సినవి: యూవీ, ఓజోన్, ఫాస్ఫేట్ రియాక్టర్, ఆ కానిస్టర్ ఫిల్టర్ (మూసి ఉండే డబ్బా ఫిల్టర్). కానిస్టర్‌ను వారం వారం కడగకపోతే మురికంతా అందులోనే నైట్రేట్‌గా మారుతుంది. 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్స్ (మురికి పట్టే గుడ్డ సంచులు) ఒక అరడజను కొనుక్కుని మూడు రోజులకోటి మార్చు, ఉతికి ఆరేసి మళ్లీ వాడు. ఫాస్ఫేట్ పెరిగితే అప్పుడు చూద్దాం, సంప్‌లో చోటుంటే ఫాస్ఫేట్‌ను తినే కీటో అనే నాచు పెంచి చిన్న లైటు పెడదాం. స్కిమ్మర్ వాడినది దొరికినా పర్వాలేదు, వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితే కొత్తదానిలా వస్తుంది. హీటరు మాత్రం పాతది వద్దు. పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు కొను, ఒకటి ఆగకుండా వేడెక్కుతూ పోయినా చేపల్ని ఉడికించెయ్యదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. టేపు తీసుకుని కేబినెట్ లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రాయి. తలుపు ఎంత వెడల్పు తెరుచుకుంటుందో కూడా రాయి, సంప్ అందులోంచే దూరాలి. మీ కుళాయి నీళ్ల టీడీఎస్ ఎంతో చూసి చెప్పు. అవి అందిన రోజే కూర్చుని స్కిమ్మర్ ఏదో తేల్చేద్దాం.

ఉంటాను,
నీ నేస్తం